అంబాసిడర్ ఎందుకు ఆయాసపడింది?

హైదరాబాద్‌లో నాంపల్లి ఎంజే రోడ్డు మీద గగన్ విహార్, చంద్ర విహార్, గృహకల్ప భవనాల ముందు ఒకప్పుడు ప్రభుత్వ ఆఫీసర్ల తెల్ల అంబాసిడర్ కార్లు బారులు తీరి ఉండేవి. వాటి బానెట్ కింద ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 1,489 సీసీ, సుమారు 50 హార్స్ పవర్. 1959లో అది అంబాసిడర్‌లోకి వచ్చింది. అదే 1,489 సీసీ ఇంజిన్‌ను ఇంగ్లండ్‌లో 1955లోనే ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకు బిగించారు. అక్కడ అది మొదట 68, తర్వాత 72 హార్స్ పవర్ ఇచ్చింది. కారు గంటకు 150 కిలోమీటర్లు దాటి పరుగెత్తేది.

ఆ 20 హార్స్ పవర్ ఎక్కడినుంచి వచ్చింది? కంప్రెషన్ పెంచారు, హెడ్ లోపల కొన్ని మార్పులు చేశారు. వాటితో పాటు ఇంజిన్ ఊపిరి పీల్చే దారిని కూడా మార్చారు. పెట్రోలును గాలిలో కలిపే కార్బొరేటర్ ఒకటి బదులు రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, వాటికి తగిన కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు చేర్చే పైపులు) పెట్టారు. మన ఆఫీసర్ల కారుకు ఆ అదృష్టం పట్టలేదు.

పెట్రోలు గురించి మాట్లాడినంతగా మనం గాలి గురించి మాట్లాడం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్‌కు గాలి పీల్చుకోవడానికి దొరికేది సెకనులో వెయ్యోవంతులు ఏడో ఎనిమిదో. అంత తక్కువ వ్యవధిలో దారిలో ఒక మెట్టు, ఒక ఇరుకు, ఒక మొండి వంపు ఉన్నా లోపలికి చేరే గాలి తగ్గిపోతుంది. ఆ మేరకు శక్తీ తగ్గుతుంది.

బి-సిరీస్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. నాలుగు సిలిండర్లు ఉన్నా హెడ్‌లోకి గాలి వెళ్లే ద్వారాలు రెండే. రెండు ఇళ్లకు ఒకే కొళాయి ఇచ్చినట్టు, ఒకటి, రెండు సిలిండర్లకు ఒక ద్వారం, మూడు, నాలుగు సిలిండర్లకు ఇంకొకటి. ఫైరింగ్ వరుస 1-3-4-2. అంటే రెండో సిలిండర్ పీల్చడం ముగియకముందే పక్కనున్న ఒకటోది అదే ద్వారం నుంచి పీల్చడం మొదలుపెడుతుంది, ఒకదాని వాటాలో ఇంకొకటి చేయి పెడుతుంది. పైగా సైలెన్సర్ మానిఫోల్డ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్క, ఒకదానికొకటి తగిలి ఉంటాయి. చలిదేశంలో పెట్రోలు ఆవిరి కావడానికి ఆ వేడి కావాలి. మే నెలలో నాంపల్లిలో ఆ వేడి ఎవరిక్కావాలి?

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకే గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తగ్గుతుంది. దానికి 42 డిగ్రీల ఎండ తోడైతే, ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున చల్లని రోజున పీల్చే గాలితో పోలిస్తే ఇక్కడ అదే పరిమాణంలో ఉండే గాలి బరువు దాదాపు ఏడో వంతు తక్కువ. కాగితం మీద రాసిన 50 హార్స్ పవర్ ఎంజే రోడ్డు మీద ఎందుకు కనిపించేది కాదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంజిన్‌కు ఊపిరి ఇవ్వడమనే పని ఈ నగరానికి మోటారు వచ్చిన రోజుల నాటిదే.   నిజాముల 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, సింహాసనం లాంటి సీటుతో, నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఊరేగింపుగా మెల్లగా నడవడానికే దాన్ని చేయించారు. 1911లో ఇంగ్లండ్‌లో రోల్స్ రాయిస్ కంపెనీ మరో సిల్వర్ ఘోస్ట్‌కు కార్బొరేటర్ పెద్దది చేసి, కంప్రెషన్ కొంచెం పెంచింది. కంపెనీ ఉద్యోగి ఎర్నెస్ట్ హైవ్స్ దాన్ని లండన్ నుంచి ఎడిన్‌బరోకు టాప్ గేరులోనే నడిపాడు. గాలనుకు 24.32 మైళ్లు వచ్చాయి. ఆ తర్వాత బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద అది గంటకు 78.26 మైళ్ల వేగం అందుకుంది. ఊపిరి బాగుంటే వేగమూ మైలేజీ రెండూ పెరుగుతాయని ఆ పరుగు చూపించింది.

హైదరాబాద్‌లో ఈ విద్య బస్సులకూ అవసరమైంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1907లో నాంపల్లి స్టేషన్ తెరిచిన రైల్వే బస్సులు కూడా నడిపిందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చాక దేశమంతటా బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు వెలిశాయి. మన పెద్దవాళ్లు వాటిని బొగ్గు బస్సులనే అనేవారు. బొగ్గు నుంచి వచ్చే గ్యాస్‌తో పెట్రోలు ఇంజిన్ శక్తి మూడో వంతు నుంచి సగం దాకా పడిపోయేది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి చేసే పని ఏమిటంటే, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు సైలెన్సర్ వేడి తగలకుండా చేయడం, పైపుల లోపలి దారి వెడల్పు చేయడం, గ్యాస్‌ను బాగా చల్లబరచి లోపలికి పంపడం. స్పార్క్ టైమింగ్‌ను కూడా కాస్త ముందుకు జరిపేవారు. ఇరవై ఏళ్ల తర్వాత అంబాసిడర్‌కు పనికొచ్చిన సూత్రాలు దాదాపు ఇవే.

మానిఫోల్డ్ పనిలో మొదటిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మానిఫోల్డ్ రంధ్రానికీ హెడ్ రంధ్రానికీ మధ్య ఉన్న మెట్టు తీసేయడం. పోతపోసిన భాగాలు కాబట్టి రెండూ ఒకదానికొకటి సరిగ్గా కలవవు. గ్యాస్కెట్‌ను రెండు ముఖాల మీదా పెట్టి, గీత గీసి, అడ్డొచ్చిన అంచును గ్రైండర్‌తోనో ఆకురాయితోనో తీసేస్తే సరిపోతుంది. గ్యాస్కెట్ కూడా దారిలోకి పొడుచుకు రాకూడదు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఇక్కడే చాలామంది అత్యాశకు పోతారు. రంధ్రం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని తవ్వేస్తారు. దాంతో గాలి వేగం తగ్గిపోతుంది, పెట్రోలు చుక్కలు గోడలకు అంటుకుంటాయి, ట్రాఫిక్‌లో పికప్ చచ్చిపోతుంది. కార్బొరేటర్ బండి మానిఫోల్డ్‌ను లోపల అద్దంలా మెరిపించడం కూడా పొరపాటే. కాస్త గరుకు ఉంటేనే పెట్రోలు గాలిలో కలిసి ఉంటుంది.

రెండో పని వేడిని అడ్డుకోవడం. కార్బొరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య బేకలైట్ దిమ్మ వేస్తారు. ఎండాకాలంలో పెట్రోలు పంపులోనే ఆవిరై బండి ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ కప్పి నడిపించిన డ్రైవర్లు అంబాసిడర్, ఫియట్ రోజుల్లో ప్రతి ఊరిలో ఉండేవారు. వాళ్లు చేసింది సైన్సే. పైపుల పొడవు సంగతి ఇంకాస్త పెద్ద విద్య. పొడవైన పైపులు తక్కువ వేగంలో లాగే శక్తినిస్తాయి, పొట్టివి ఎక్కువ వేగంలో. 1960లో క్రిస్లర్ కంపెనీ తన 300ఎఫ్ కారుకు దాదాపు 30 అంగుళాల పైపులు పెట్టి దీన్ని చూపించింది.

ఇప్పుడు కొత్త కార్లలో మానిఫోల్డ్ ఎక్కువగా ప్లాస్టిక్. గాలి, పెట్రోలు లెక్క కంప్యూటర్ చూస్తుంది. చేయి పెట్టడానికి అందులో మిగిలిందేమీ లేదు. అంబాసిడర్ కూడా 1990ల్లో ఇసుజు ఇంజిన్‌కు మారి, 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయి చరిత్రలో కలిసింది. ఇన్నేళ్లలో ఆ పాత ఇంజిన్‌ను మన ఎండకూ మన ఎత్తుకూ మలుచుకున్న పనితనాన్ని తెలుగులో శ్రద్ధగా రాసిపెట్టిన పుస్తకం నా కంట పడలేదు. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లిష్ రిపేరు మాన్యువల్ ఎప్పుడైనా దొరుకుతుంది, మన మెకానిక్ చేతిలోని జ్ఞానం మాత్రం దొరకదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పాత అంబాసిడరో ఫియటో ఇంట్లో ఉన్నవారు ముందుగా మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూపించుకోండి. కొత్త శక్తి కోసం వెతికే ముందు పోయిన శక్తి అక్కడే దొరకవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసిన వివరాలు మారిపోయే పని మాత్రం చేయించకండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. మీ వీధిలో డెబ్బై దాటిన మెకానిక్ ఎవరైనా ఉంటే, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన్ని మాట్లాడించండి. ఏ బండి కార్బొరేటర్‌కు ఏ జెట్ వేశారో, మానిఫోల్డ్ ఎక్కడ ఎంత అరగదీశారో అడిగి రాసుకోండి. ఆ పని ఈ ఏడాదే చేయండి.