బత్తీరు గ్రామము: జనసంఖ్య, జలవిభాగము

యెరూషలేమునకు నైరుతి దిశను, లోయవాలున, బత్తీరు అను అరబ్బు కర్షకుల గ్రామము కలదు. క్రీ.శ. 135లో రోమనులు ముట్టడించి జయించిన యూదుల తుది దుర్గము బేతారు దీని చెంతనే యుండెను. ఆ ప్రాచీననామమే గ్రామనామమున నిలిచియున్నది.

1922 జనగణనమున ఇచ్చటి జనసంఖ్య 542, 1931లో 758, 1945 అంచనాలో 1,050. ఇరువదిమూడేండ్లలో జనము ఇంచుమించు రెండింతలయ్యెను. వారి జీవనాధారము ఊటనీరు, రాతిగట్ల మళ్ళు. ఆ నీటిని ఎనిమిది వంశములవారు దినమునకొక వంశము చొప్పున వాడుకొనుట ఆచారము. కావుననే బత్తీరులో వారమునకు ఎనిమిది దినములను నానుడి కలిగినది. వంశములు పెరిగినకొలది ఒక్కొక్కరి భాగము తగ్గును. వంతు మాత్రము తప్పదు.

1892లో యాఫా–యెరూషలేము రైలుమార్గము ఈ లోయ వెంట నేర్పడెను. 1948 యుద్ధమున పొరుగునున్న వలజ గ్రామము నిర్జనమయ్యెను. బత్తీరువారు హసన్ ముస్తఫా నాయకత్వమున ఊరు విడువలేదు. 1949 సంధిరేఖ వారి పొలములను చీల్చినను, రైళ్ళకు హాని చేయమని మాటయిచ్చి, పట్టాల కావలి భూములను దున్నుకొను హక్కును నిలుపుకొనిరి.

2014లో యునెస్కో ఈ మళ్ళను ప్రపంచవారసత్వముగా గుర్తించి, అడ్డుగోడ నిర్మాణ ప్రతిపాదన కారణముగా నాడే ప్రమాదస్థితిలోని స్థలముల పట్టికయందును చేర్చెను. ఈ గ్రామ చరిత్ర నెరుగగోరువారు జనగణనములతోపాటు నీటివంతులను గూడ పరిశీలింపవలెను. గణనము జనమెందరో చెప్పును; వారు కలసి నిలిచిన విధమును నీటివంతు తెలుపును.