రంగు అంటని లంగర్ తస్వీర్లు

లంగర్ జులూస్ అంటే పిల్లలు అన్నదానం అనుకుంటారు. కాదు, ఈ లంగర్ అంటే గొలుసు. షాహ్‌జాదా అబ్దుల్లా కుతుబ్ షాను ఎక్కించుకున్న ఏనుగు మస్తెక్కి అడవిలోకి పారిపోయిందట. బిడ్డ సలామత్‌గా తిరిగొస్తే హుస్సేనీ అలంకు బంగారు లంగర్ చెల్లిస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మన్నత్ పెట్టుకుందని రివాయత్.

ఆ తల్లి మన్నతే ఆసఫ్‌జాహీల నాటికి ముహర్రం 5న ఏనుగులు, గుర్రాలు, అరబ్బు సిపాయీలు, నిషాన్లతో సాగే పెద్ద ఫౌజీ తమాషా అయింది. షహరంతా మేడలెక్కి చూసేది.

ఆ జులూస్‌ను కెమెరాకెక్కించినవాడు ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. నిజాం ఇచ్చిన ఖితాబ్ కూడా ఎంత ముద్దుగా ఉందో: ముసవ్విర్ జంగ్! కానీ ఆ ముసవ్విర్ చేతిలో రంగుల్లేవు. అంబారీ మీది జరీ, సిపాయి తలపాగా, గాలిలో నిషాన్, అన్నీ బూడిద రంగే.

పర్దా ఖవాతీన్ కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ కెమెరా వెనక ఉన్నది ఇంగ్లిష్ మహిళ. అలా కలిగిన ఖాన్‌దాన్ల బేగంలకు తస్వీర్లు దక్కాయి. ఒక తల్లి మన్నత్‌తో మొదలైన జులూస్ తస్వీర్లలో మాత్రం నేను చూసినంతవరకు ముందువరసంతా మగవాళ్లే. మన నానీల నానీలు ఏ చిల్మన్ వెనక నిలబడి చూశారో!