సందూకులో సలాములు

మన చరిత్ర అనగానే గోల్కొండ, చార్మినార్, ఏడో నిజాం వజ్రాలు. పొగిడేవాడు వాటినే పొగుడుతాడు, తిట్టేవాడు వాటినే తిడతాడు. దూదేకిన దాదా, గాజులమ్మిన నానీ, తాలూకా కచేరీలో చప్రాసీగా బతుకు వెళ్లదీసిన మామూ ఏ పుస్తకంలో ఉన్నారు? తెలంగాణలో ఏ పాత ముస్లిం ఇంట్లోనైనా రేకు సందూకు తెరిచి చూడండి. నిఖానామా, శిస్తు రసీదులు, ఉత్తరాల కట్ట, షేర్వానీ తొడుక్కుని స్టూడియో కుర్చీలో బిగుసుకుపోయిన దాదా ఫోటో. కాయితాలన్నీ ఉర్దూలో. తెలుగు మీడియం మనవడికి ఒక్క ముక్క అర్థం కాదు. అల్లా పేరుంటుందేమోనని పారెయ్యడు, చదవనూ లేడు. చెదలు చదువుతాయి.

1880లలో హైదరాబాదు రాజ్యంలో పార్శీ పోయి ఉర్దూ సర్కారీ భాషయింది. అప్పట్నించి రెడ్డి పట్టా అయినా, గుడి మాన్యమైనా కచేరీలో ఉర్దూలోనే నడిచింది. 1948 తర్వాత కచేరీ భాష మారింది. అందుకే భూమి తగాదా వస్తే ఇప్పటికీ ఉర్దూ చదివే ముసలాయన కోసం ఊరంతా వెతుకుతారు. ఎకరాల కోసం చదివిస్తారు గానీ మనిషి కోసం ఎవరు చదివిస్తున్నారు?

చదివించినా తేదీ దగ్గర జాగ్రత్త. కాయితం మీద 1358 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే 1939-40. నిజాం సర్కారు వాడిన ఫసలీ అయితే, 590 కలపాలి, 1948-49. ఆ రెండింటి మధ్యే పోలీసు చర్య ఉంది! నెల పేరు చూస్తే తేలిపోతుంది. మొహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. ఆజుర్, దై, బహ్మన్ అని ఉంటే ఫసలీ.

నిఖానామాలో పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్ ఎంతో, సాక్షులెవరో ఉంటాయి. పర్దాలో బతికిన చాలామంది ఆడవాళ్లకు తమ పేరున్న కాయితం అదొక్కటే. వాళ్లకు ఫోటో కూడా లేదు.

ఉత్తరాల సంగతి వేరు. ఖైరియత్ అయ్యాక చివర్న సలాముల జాబితా ఉంటుంది. ఫలానా ఖాలాకు, ఫలానా చాచాకు, పక్కింటి వాళ్లకు. అది ఆ గల్లీ జనాభా లెక్క. 1948కి ముందు సలాములందుకున్న పేరు తర్వాతి ఉత్తరాల్లో కనపడకపోతే అడగండి, ఆ చాచా ఎటు పోయాడని. కరాచీకా, బావిలోకా? నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని రాసింది. ఆ రిపోర్టు 2013 దాకా జనం చేతికి రాలేదు. అందులో ఉన్నది అంకె. పేర్లు మన ఇళ్లల్లో ఉన్నాయి.

తార్నాక ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ కాయితాలు కూడా భద్రంగానే ఉన్నాయి. సంతోషం. మన సందూకుకు మాత్రం మనమే దిక్కు. కాయితాలకు లామినేషన్ చేయించకండి, పాడవుతాయి. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. కవర్లు పారెయ్యొద్దు, తపాలా ముద్ర మీద ఊరు, తేదీ ఉంటాయి. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో ఎవరెవరో రాయండి. ఆ మొహాలు గుర్తుపట్టే నానీ ఇంకా ఉంటే, ఈ జుమ్మాకే వెళ్లి అడగండి.