టీచరు పక్కన మనిషి

ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఒకటుంది. ఇంగ్లండులో ఆ పేరే. అమెరికాలో పారాప్రొఫెషనల్, వాడుకలో పారా. టీచరు బోర్డు దగ్గర పాఠం చెబుతుంటే, ఆ పాఠం అందని పిల్లాడి పక్కన కూర్చుని మళ్ళీ చెప్పే మనిషి అన్నమాట. దుకాణంలోనో ఆఫీసులోనో కొన్నేళ్ళు పనిచేసి, నడి వయసులో ఇటు మళ్ళినవాళ్ళు ఈ పనిలో చాలామంది కనిపిస్తారు. ఉన్న పని వదిలి ఇందులోకి రావచ్చా అని అడిగితే జీతం, సెలవుల లెక్కలు ఎవరైనా చెబుతారు. చరిత్రని అడిగితే మాత్రం అది ఎదురు ప్రశ్న వేస్తుంది: అక్కణ్ణించి పైకి మెట్లున్నాయా?

టీచరుకి సాయం అనే ఆలోచన మన వీధిబడులకి పాతదే. మన్రో అడిగిన విద్యా సర్వేకి జవాబుగా 1823లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులని రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే. చదువులో ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకి చెప్పే పద్ధతిని ఆయన తెగ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు.

ఆ అనుకరణ మద్రాసు నుంచే వెళ్ళింది. ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దుతున్న పిల్లల్ని చూసి ఆ పద్ధతి తన బడిలో పెట్టబోయాడు. అక్కడి మాస్టర్లకి అది రుచించలేదు. దాంతో ఎనిమిదేళ్ళ కుర్రాడి చేత చిన్న క్లాసుకి చెప్పించాడు. 1797లో ఈ ప్రయోగం మీద లండన్‌లో పుస్తకం వేశాడు. ఒక్క మాస్టరుతో వందల మందికి చదువు చెప్పించవచ్చనే చవక బేరం ఇంగ్లండుకి బాగా నచ్చింది. 1846లో దాన్ని కాస్త మార్చారు. పదమూడేళ్ళకి చేరిన పిల్లలు ఐదేళ్ళు జీతం తీసుకుంటూ బడిలో పని నేర్చుకుంటారు. ఆ తర్వాత పరీక్ష నెగ్గితే ట్రెయినింగ్ కాలేజీకి స్కాలర్‌షిప్. పేద ఇంటి పిల్లలు టీచర్లయ్యే దారి ఒకటి అలా పడింది.

పెద్దవాళ్ళు సాయానికి రావడం ఇరవయ్యో శతాబ్దపు కథ. 1950ల మొదట్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం బే సిటీలో, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో టీచర్లకి సహాయకుల్ని పెట్టి చూశారు. హాజరు వెయ్యడం, కాగితాలు సర్దడం వాళ్ళకి అప్పగిస్తే టీచరు ఎక్కువమంది పిల్లల్ని చూడగలడని లెక్క. టీచర్ల సంఘాలు అనుమానపడ్డాయి. అనుమానపడక ఏం చేస్తాయి!

లెక్క మారింది 1965లో. ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్ అనే ఇద్దరు పేదలకి కొత్త వృత్తుల గురించి ఒక పుస్తకం రాశారు. డిగ్రీ ఉన్నవాళ్ళకే ఉద్యోగం అనే వరసని వాళ్ళు తిరగేశారు: ముందు ఉద్యోగం ఇవ్వండి, చదువు పని చేస్తూ సంపాదించుకుంటారు, మెట్టు మెట్టుగా పైకొస్తారు. అదే ఏడు వచ్చిన విద్యా చట్టం పేద పిల్లల బడులకి ఫెడరల్ నిధులు తెచ్చింది. ఆ డబ్బుతో న్యూయార్క్ బడులు చుట్టుపక్కల వీధుల్లోని తల్లుల్నే పారాలుగా తీసుకున్నాయి. ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, ప్యూర్టోరికో స్త్రీలు. ఇంటి భాష స్పానిష్ అయిన పిల్లాడు ఏం అడుగుతున్నాడో క్లాసులో తెలిసేది చాలాసార్లు వాళ్ళకే.

జీతం గంటకి రెండు డాలర్ల చిల్లర. 1968లో బ్రూక్లిన్‌లోని ఓషన్ హిల్–బ్రౌన్స్‌విల్‌లో బడుల పెత్తనం ఎవరిదన్న గొడవ మీద టీచర్ల సంఘం సమ్మెకి దిగితే, చాలామంది పారాలు సమ్మెని కాదని బడికి వెళ్ళారు. టీచర్లకీ పారాలకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. అలాంటప్పుడు పారాలని అదే సంఘంలో చేర్చే పని వెల్మా మర్ఫీ హిల్ నెత్తినేసుకుంది. 1960లో షికాగో రెయిన్‌బో బీచ్‌లో నల్లవాళ్ళకి చోటు కోసం నిలబడి రాయిదెబ్బ తిన్న మనిషి ఆమె. పారాలు ఓటేసి ఆ సంఘాన్నే ఎంచుకున్నారు. 1970 ఒప్పందంతో జీతాలు రెట్టింపు దాటాయి. అంతకన్నా పెద్ద సంగతి, జీతం పోకుండా కాలేజీకి వెళ్ళే వీలు వచ్చింది. నిన్నటిదాకా ఇంటిపని తప్ప మరో దారి లేని ఆడవాళ్ళు కొందరు డిగ్రీలు పూర్తి చేసి అవే బడుల్లో టీచర్లయ్యారు.

1975లో నగరం దివాలా అంచుకొచ్చింది. కోత మొదలయ్యేసరికి పారాల్ని పెద్ద సంఖ్యలో తీసేశారు. కూరలో కరివేపాకు సంగతి తెలిసిందే కదా.

ఇంగ్లండు ఇంకో పాఠం నేర్పింది. డిగ్రీ లేని తల్లులకి ఏడాది శిక్షణ ఇచ్చి చిన్నపిల్లలకి టీచర్లుగా పెడదామని 1993లో ప్రభుత్వం అంటే, తల్లుల సైన్యమని పేరుపెట్టి టీచర్లు తిప్పికొట్టారు. 2003లో టీచర్ల పనిభారం తగ్గించే ఒప్పందం వచ్చాక అసిస్టెంట్ల పాత్ర మరీ పెరిగింది. 2009లో పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం పరిశోధన చూస్తే, అసిస్టెంట్ల సాయం ఎక్కువ అందిన పిల్లలే చదువులో తక్కువ ముందుకెళ్ళారని తేలింది. తప్పు అసిస్టెంట్లది కాదు. కష్టమైన పిల్లల్ని వాళ్ళకి వదిలేసి, శిక్షణ ఇవ్వకుండా, టీచరుతో కూర్చుని మాట్లాడుకునే టైమివ్వకుండా పని చేయించిన ఫలితం అది.

మన దగ్గర ఏడాదికోసారి తీసుకుని వేసవికి ఇంటికి పంపేసే విద్యా వాలంటీర్ల కథ వేరేగా చెప్పనక్కర్లేదు. అమెరికాలో తెలుగు ఇళ్ళకీ ఇది దూరపు విషయం కాదు. 2015లో హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి పని అనుమతి వచ్చింది. ఇంజనీరింగ్ చదివి, మధ్యలో ఆగిపోయి, పిల్లల బడిలో పారాగా చేరాలనుకునే ఆడవాళ్ళకి చదువు అడ్డు కాదు. 2002 నుంచి అక్కడి చట్టం, పేద పిల్లల నిధులతో నడిచే బడుల్లో పారాకి రెండేళ్ళ కాలేజీ గానీ ఒక పరీక్ష గానీ చాలంటుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: టీచర్ లైసెన్సు చదువుకి ఫీజు ఎవరు కడతారు? టీచరుతో పాఠం మాట్లాడుకునే అరగంట టైమ్‌టేబుల్లో ఉందా? వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందని కాగితం మీద రాసిస్తారా? న్యూయార్క్ తల్లులు వీటిలో కొన్ని అడిగి, సంఘం కట్టి మరీ సాధించుకున్నారు.