భద్రతామండలిలో మన హైదరాబాదు

తార్నాకలో ఉంటాను కాబట్టి ఆదివారం పొద్దున నడక ఓయూ క్యాంపస్‌లోనే. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే చెక్‌పోస్టు. ఇక్కడెప్పుడో తీగకంచె వేసిన నాకా ఉండేదనీ, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందనీ అంటారు. ఐక్యరాజ్యసమితి శాంతిదళం అనగానే నాకూ అలాంటి బొమ్మే కనిపిస్తుంది: రెండు సైన్యాల మధ్య కంచె, దాని దగ్గర నీలి టోపీలు. ఆ దళం హైదరాబాదుకి ఎందుకు రాలేదు? నవ్వకండి, మన కేసు నిజంగానే భద్రతామండలి దాకా వెళ్ళింది.

క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీని 1939లో ప్రారంభించిన ఏడో నిజాం ప్రభుత్వమే 1948 ఆగస్టు 21న సమితికి ఫిర్యాదు చేసింది. సభ్యదేశం కాని రాజ్యం కూడా తన తగాదాని మండలికి తీసుకెళ్ళొచ్చని చార్టర్ 35వ అధికరణం చెబుతుంది, దాన్ని పట్టుకున్నారు. సెప్టెంబరు 13న మన సైన్యం కదిలింది. 16న ప్యారిస్‌లో మండలి కూర్చుని, ముగ్గురు తటస్థంగా ఉండగా 8 ఓట్లతో విషయాన్ని ఎజెండాలో చేర్చుకుంది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున రామస్వామి మొదలియార్. మర్నాడే నిజాం లొంగిపోయాడు, కొద్దిరోజుల్లో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి కొట్టాడు. అయినా 1949 మే దాకా మండలిలో చర్చ సాగింది, తేలిందేమీ లేదు.

శాంతిదళాల సిద్ధాంతానికి మూడు కాళ్ళు: సంబంధిత పక్షాల సమ్మతి, నిష్పాక్షికత, ఆత్మరక్షణకి తప్ప ఆయుధం వాడకపోవడం. చార్టర్‌లో ఈ దళాల ఊసే లేదు, అనుభవంతో కట్టుకున్నవి. మొదటి కాలు విరిగితే ఏమవుతుందో 1967లో నాసర్ పొమ్మనగానే సినాయ్ నుంచి దళం వెనక్కి వచ్చేయడంలో చూశాం. అప్పుడు దాని కమాండర్ మనవాడే, ఇందర్‌జిత్ రిఖే.

మన కేసులో చిక్కు అంతకన్నా ముందే ఉంది. సమ్మతి ఎవరిది? మన భాషలో చెప్పాలంటే రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? నిజాం దగ్గరంటే, రజాకార్లు పల్లెల మీద పడుతుంటే దళం వచ్చి కాపాడేది ఆయన గద్దెనే. ఢిల్లీ దగ్గరంటే ఇది ఇంటి గొడవ, 2(7) ప్రకారం సమితికి పని లేదు. 'పోలీస్ యాక్షన్' అన్న పేరు ఊరికే పెట్టలేదండీ! అదే ఏడాది జనవరి 1న కాశ్మీరు విషయంలో సమితి గడప తొక్కింది మాత్రం మనమే. అక్కడికి 1949 జనవరిలో పరిశీలకులు వచ్చారు.

నిజాం గెలవాల్సిందని నేననను. విలీనం కావాలన్నది ఇక్కడి జనంలో ఎక్కువమంది కోరికే. కానీ 17 తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యలు చూడ్డానికి బయటివాడెవడూ లేడు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు. కొట్టుకునే సైన్యాలు రెండూ సమ్మతిస్తే కంచె వేయడానికి సిద్ధాంతం ఉంది. యుద్ధం అయిదు రోజుల్లో అయిపోయాక ఊళ్ళో మిగిలిన వాళ్ళ సమ్మతి అడిగే గడి మాత్రం ఆ ఫారంలో అప్పటికి లేదు.