మౌజరు పిస్తోలు: చరిత్రయు పరీక్షయు

మౌజరు పిస్తోలు జర్మనీదేశమున నెకారు నదీతీరమందలి ఓబర్న్‌డార్ఫు పట్టణపు మౌజరు కర్మాగారమునందు 1896 మొదలు 1937 వరకు నిర్మింపబడిన హస్తాయుధము. ఫీడర్లె సోదరులు మువ్వురు దీనిని రూపొందింపగా కర్మాగారాధిపతియైన పాల్ మౌజరు 1895లో తన పేర పేటెంటు పొందెను. రూపకర్తల నామము వస్తువునకు దక్కకపోవుట విచారకరము.

1759 ఏప్రిలులో ఆంగ్లేయ సేనాని ఫోర్డు దొర ఫ్రెంచివారినుండి బందరుకోటను గైకొన్ననాడు సిపాయిలచేతులలోని తుపాకులు మూతినుండి మందు కూరి, గుండు దిగగొట్టి, ఒక్కసారి పేల్చిన పిదప మరల మొదటినుండి సిద్ధపఱుచుకొనవలసినవి. మౌజరునందో పేలిన తూటాయొక్క ప్రతిఘాతశక్తియే వెనుకభాగమును జరిపి, ఖాళీతొడుగును వెలికి నెట్టి, క్రొత్త తూటాను లోనికి దెచ్చును. మీటను నొక్కిన ప్రతిసారి ఒక్కొక్క గుండు వెడలును. మీటకు ముందున్న అరలో పది తూటాలు పట్టును. కొయ్యతో చేసిన ఒరనే పిడి వెనుక తగిలించి, భుజమున కానించి రైఫిలువలె కాల్చుటయు కలదు. పిడిచెక్కలను బిగించు మర యొక్కటి తప్ప లోపల మరలే లేక, భాగములన్నియు ఒండొంటిలో నిమిడి నిలుచుట చూచిన యంత్రజ్ఞునకు ఆనందాశ్చర్యములు కలుగకపోవు.

గుడివాడకును దివిసీమకును నడుమనున్న భట్లపెనుమఱ్ఱున జన్మించి, పిమ్మట బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు యౌవనమున బ్రిటిషు సైన్యముతో బోయరు యుద్ధమునకై దక్షిణాఫ్రికాకు వెళ్ళినపుడు, ఎదుటి బోయరులు ప్రధానముగా ధరించినవి ఈ కర్మాగారపు పేరుగల జర్మను రైఫిళ్లే. పిస్తోలును ఆ యుద్ధమున కానవచ్చును: 1899 నవంబరు 15న సైనికుల రైలుబండి బోయరుల దాడికి చిక్కినపుడు, అందున్న యుద్ధవిలేఖరి చర్చిలు తన మౌజరును ఇంజనులోనే విడిచి వచ్చినందున నిరాయుధుడై లొంగిపోయెను.

భారతదేశమున దీని కథ అంతకంటె గంభీరమైనది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆయుధవర్తకులైన రోడా కంపెనీకి ఓడలో వచ్చిన సరకును కస్టమ్సు కార్యాలయమునుండి విడిపించుకొనివచ్చిన గుమాస్తా శ్రీశచంద్ర మిత్ర, 202 పెట్టెలలో 192 మాత్రమే గిడ్డంగికి చేర్చి, తక్కిన పదింటిని విప్లవకారుల కందజేసెను. వానిలో 50 మౌజరు పిస్తోళ్ళును 46,000 తూటాలును ఉండెను. మరుసటి యేట సెప్టెంబరు 9న బాలాసోరు చెంత విప్లవనాయకుడు జతీంద్రనాథ ముఖర్జీ పోలీసులతో పోరాడినది మౌజరులతోనే. అయితే ప్రతి పిస్తోలుమీది సంఖ్యయు కంపెనీ లెక్కలలో నిలిచి యుండుటచే, చిక్కిన ఆయుధము ఆ సరకులోనిదే యని ప్రభుత్వము పోల్చుకొనగలిగెను. 54 సంఘటనలలో అవి వాడబడినవని 1918 నాటి రౌలటు సంఘము నివేదించినది. ఆ నివేదికనుండియే రౌలటు చట్టమును, దానినుండి రౌలటు సత్యాగ్రహమును పుట్టినవి గదా.

నేటి సంగ్రాహకునకును పిస్తోలుమీది ఆ సంఖ్యయే ప్రమాణము. అర్హుడైనవాడు ముందుగా తూటాలేవియు లేవని నిశ్చయించుకొని, పిమ్మట గొట్టముమీదను, లోని భాగములమీదను గల అంకెలు పరస్పరము సరిపోవుచున్నవో లేదో చూడవలెను. తొలినాటి శంఖువువంటి సుత్తియు, తరువాతి పెద్దవలయపు సుత్తియు, పిదపటి చిన్నవలయపు సుత్తియు నిర్మాణకాలమును తెలుపును. పిడిపై ఎఱ్ఱరంగుతో చెక్కిన 9 అంకె, మొదటి మహాయుద్ధమున జర్మను సైన్యమునకై చేసిన 9 మిల్లీమీటర్ల రకమును సూచించును. ఆ రకమునకు 1,50,000 కోరబడినవి. స్పెయిను, చైనా దేశములలో అనుకరణలును వెలువడినందున ముద్రలను నిదానముగా చదువుట మేలు. మెఱుగుకొఱకు ఇసుకకాగితముతో రుద్దువాడు తుప్పుతోపాటు ఈ సాక్ష్యములనెల్ల తుడిచివేయుచున్నాడని నా దృఢాభిప్రాయము. బందరు, అవనిగడ్డ ప్రాంతములందు ఉప్పుగాలికి ఉక్కు త్వరగా చెడును గనుక పలుచని నూనెపూతయు, తేమలేని అరయు చాలు. తేమను పీల్చి పట్టియుంచు తోలుసంచిలో దాచుట హానికరము.

1959 ఆయుధ చట్టము 45వ సెక్షను, పురాతన ఆయుధములలో, మరమ్మతు చేసినను చేయకున్నను కాల్చుటకు పనికిరానివానికే మినహాయింపు నొసగినది. పనిచేయు మౌజరు ఎంత పాతదైనను లైసెన్సు కావలసినదే. తాతలనాటి పెట్టెలో అట్టిది కనబడిన వారసుడు దానిని ఇంట నుంచుకొనక, సమీప పోలీసుఠాణాలోగాని లైసెన్సుగల ఆయుధవర్తకునియొద్దగాని ఆలస్యము చేయక అప్పగించి రసీదు పొందవలెను.