పాలు పడవంటే పెంకితనమా?

మా అమ్మాయి బడికి వెళ్లే రోజుల్లో పొద్దున్నే మా ఇంట్లో ఓ యుద్ధం జరిగేది. గ్లాసెడు పాల దగ్గర! అది ముక్కు మూసుకుని తాగేది. గంట తిరక్కుండా కడుపుబ్బరం, గుడగుడలు, పెరట్లోకి పరుగులు. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అనేదాన్ని. అదే పిల్ల మధ్యాహ్నం గడ్డపెరుగు కలుపుకుని మారు అడిగి తిని, హాయిగా ఆడుకునేది. "పాలు పడనిదానికి పెరుగెలా పడుతుందే?" అని గద్దించి, వాదన నెగ్గాననుకునేదాన్ని.

ఆ ప్రశ్నకు జవాబు 7,000 ఏళ్ల నాటి కుండపెంకుల్లో ఉందని ఈమధ్యే తెలిసింది.

పోలండులో తవ్వకాల్లో ఒళ్లంతా చిల్లులున్న మట్టిపెంకులు దొరికాయి. అవి ఎందుకు వాడేవారో అని పండితులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. చివరికి వాటికి అంటిన జిడ్డును పరీక్షిస్తే పాలకొవ్వని తేలింది. 2012లో ఆ సంగతి ప్రకటించారు. అంటే పాలు విరగ్గొట్టి, నీళ్లు వడగట్టి చీజు చేసుకునేవారన్నమాట. తమాషా ఏమిటంటే, ఆ కాలపు ఐరోపా రైతుల ఎముకల్లో, పెద్దయ్యాక పాలు అరిగించుకునే లక్షణమే కనిపించలేదు!

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము మన చిన్నపేగులో తయారవుతుంది. చంటిపిల్లలకు అది పుష్కలం. తల్లిపాలు మరిచిన కొన్నేళ్లకు ప్రపంచంలో మూడింట రెండువంతుల మందికి తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగుకు చేరి, నీటిని లాగి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గాలి పుట్టిస్తుంది. మా అమ్మాయి వేషాలు ఇవే!

వైద్యులకు మాత్రం ఎప్పుడు తెలిసిందంటారా? 1965, 66 ప్రాంతాల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఆరోగ్యవంతుల్ని పరీక్షించారు. నల్లవారిలో ఎక్కువమందికి ఈ ఎంజైము తక్కువని, తెల్లవారిలో కొద్దిమందికేనని తేలింది. ఇది జబ్బు కాదు, మనుషుల్లో మామూలేనని అప్పుడుగాని తట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడికి విదేశీ పాలపొడి వచ్చేది. వేడినీళ్లలో కలిపి వరసగా నిలబెట్టి పోసేవారు. తాగినవాళ్లలో కొందరం పొలంగట్లకేసి పరుగో పరుగు! పొడి పాడైందనుకున్నాం గాని, అది మాకు పడలేదని ఎవరికీ తోచలేదు.

మన దేశంలో పాలు అరిగించుకునే జన్యువు వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన తక్కువట. అయినా పాడి మనకు కొత్తా? గుజరాతులోని కోటడా భడ్లీ అనే హరప్పా నాటి పల్లెలో, 4,500 ఏళ్ల కిందటి కుండల్లోనూ పాల జిడ్డు దొరికింది. చరకుడు గ్రహణి రోగానికి మజ్జిగను మెచ్చుకున్నాడు.

మా బామ్మ చరకుణ్ణి చదవలేదు. దాలి మీద కాగిన పాలకు సాయంత్రం తోడు వేసేది, తెల్లారి కవ్వం పట్టేది. పాలు చంటిపిల్లలకీ కాఫీకీ, పెరుగూ చల్లా మిగతా అందరికీ. రాత్రికి రాత్రి ఆ తోడులోని సూక్ష్మజీవులు చక్కెరలో కొంత తినేస్తాయి. మిగిలింది పేగుల్లో అరగడానికీ సాయపడతాయి. ఇక నెయ్యిలోనైతే ఆ చక్కెర దాదాపు ఉండనే ఉండదు. గ్లాసులకు గ్లాసులు పాలు పట్టించే నాగరికత బామ్మది కాదు, నాది.

మొన్న అమ్మాయికి ఫోను చేసి, "అప్పుడు నీవి వేషాలు కావే, తప్పు నాదే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "నలభయ్యేళ్లకి తెలిసిందా అమ్మా?"

"డాక్టర్లకే 7,000 ఏళ్లు పట్టిందే!" అన్నాను.

"అమ్మా, ఇక్కడ నీ మనవరాలూ పాలగ్లాసు చూస్తే ఏడుస్తోంది. నిన్న నాలుగు తగిలించాను కూడా" అంది మెల్లిగా.

"ఇవాళ ఆ పాలకు తోడు పెట్టవే తల్లీ" అన్నాను.